లావెక్కిన కుక్కకు జోరు నడక: విశాఖలో కుక్కల్ని పెంచేవాళ్లకు సమగ్ర మార్గదర్శి

పొద్దున్నే బీచ్ రోడ్డులో కాళీమాత గుడి దగ్గర కాసేపు నిలబడితే కుక్కలతో వచ్చేవాళ్లు చాలామందే కనబడతారు. నడిచే కుక్కలు మాత్రం తక్కువ. బొద్దుగా ఉన్న ల్యాబ్ (లాబ్రడార్) పది అడుగులు వేస్తుంది, స్తంభం దగ్గర ఆగుతుంది, వాసన చూస్తుంది, ఇంకో ఐదడుగులు వేసి మళ్లీ ఆగుతుంది. ఈలోగా యజమాని ఫోన్ చూసుకుంటాడు. ఇంటికెళ్లాక "రోజూ గంట వాకింగ్ చేయిస్తున్నాం, అయినా తగ్గట్లేదు" అంటారు. ఆ గంటలో కుక్క నిజంగా కదిలిన సమయం చూస్తే పావుగంట కూడా ఉండదు.

కుక్క బరువు తగ్గాలంటే నడకలో లెక్కకొచ్చేది వేగం. ఆ వేగాన్ని కీళ్లు, గుండె తట్టుకునేలా వారాల తరబడి కొద్దికొద్దిగా పెంచాలి. అందులోనూ మన ఊరి ఉక్కపోతకు తగ్గట్టు పెంచాలి.

నడకతోనే అంతా అయిపోతుందనుకోకండి. 35 కిలోల కుక్క 3 కిలోమీటర్లు చురుగ్గా నడిస్తే ఖర్చయ్యేది సుమారు 100 నుంచి 120 క్యాలరీలు. గ్లూకోజ్ బిస్కెట్ ఒక్కటే 18–20 క్యాలరీలు ఉంటుంది. అంటే నడిచొచ్చాక "పాపం అలిసిపోయింది" అని ఆరు బిస్కెట్లు పెడితే నడిచిందంతా వృథా. మరి నడక దేనికంటే, తిండి మాత్రమే తగ్గిస్తే కొవ్వుతోపాటు కండ కూడా పోతుంది. కండ ఉంటేనే కీళ్లకు ఆసరా. పైగా ఇంట్లో ఊరికే పడుకునే కుక్క తిండి మీదే ధ్యాస పెడుతుంది. కాబట్టి గిన్నె, గొలుసు రెండూ కలిసి నడవాలి.

ముందు చేత్తో చూడండి

లావు ఉందో లేదో కంటితో తేల్చడం కష్టం, బొచ్చు మోసం చేస్తుంది. చేత్తో తేలుతుంది. గుప్పిట బిగించి మెటికల మీద రెండో చేతి వేలు రాయండి. పక్కటెముకలు అలా తగిలితే కుక్క మరీ బక్కగా ఉన్నట్టు. ఇప్పుడు చెయ్యి చాపి అరచేతి వెనక భాగం మీద రాయండి. ఎముక తెలుస్తుంది, పైన పలచని పొర ఉంటుంది. పక్కటెముకలు ఇలా తగిలితే సరిగ్గా ఉన్నట్టు. బొటనవేలి కింద మెత్తటి కండ మీద నొక్కినట్టు ఉండి, ఎముక కోసం వెతుక్కోవాల్సి వస్తే లావే. తర్వాత పైనుంచి చూడండి: పక్కటెముకల వెనక నడుము కొంచెం లోపలికి పోవాలి. పక్కనుంచి చూస్తే పొట్ట వెనక్కాళ్ల వైపు పైకి లేవాలి.

డాక్టర్లు దీన్నే 9 పాయింట్ల స్కేలులో చెబుతారు. 4, 5 ఉంటే సరి. 5 దాటాక ప్రతి పాయింటుకూ సుమారు 10 శాతం అదనపు బరువున్నట్టు లెక్క.

చిన్న కుక్కైతే ఎత్తుకుని బాత్రూమ్ స్కేలు ఎక్కి, మీ బరువు తీసేయండి. పెద్దదాన్ని క్లినిక్‌లోని నేల కాటా మీద గానీ, తెలిసిన బియ్యం కొట్టు కాటా మీద గానీ నిలబెట్టండి. ప్రతిసారీ అదే కాటా, అదే వేళ, తిండి పెట్టకముందు చూడాలి.

డాక్టర్ దగ్గర అడగాల్సినవి

జోరు నడక మొదలుపెట్టే ముందు పశువైద్యుడికి చూపించడం తప్పనిసరి. "లావుగా ఉంది, ఏం చేయమంటారు" అని అడిగితే "తిండి తగ్గించండి" అనే జవాబే వస్తుంది. విడివిడిగా అడగండి. థైరాయిడ్ పరీక్ష అవసరమా? తక్కువ తిన్నా లావెక్కుతూ, బొచ్చు పలచబడి, ఎప్పుడూ మందకొడిగా ఉంటే ఇది ముఖ్యం. నీళ్లు విపరీతంగా తాగుతూ పొట్ట వేలాడుతుంటే కుషింగ్స్ (ఒంట్లో కార్టిసాల్ అనే హార్మోన్ ఎక్కువయ్యే జబ్బు) సంగతి అడగండి. గుండె చప్పుడు, తుంటి, మోకాళ్లు చూడమనండి. ల్యాబ్, జర్మన్ షెపర్డ్, రాట్‌వీలర్‌లలో తుంటి కీలు సమస్య మామూలే. మన తీరంలో పిడుదుల జ్వరం కూడా ఎక్కువ. నీరసంగా ఉన్న కుక్కను బద్ధకమనుకుని నడిపిస్తే ప్రమాదం, అందుకే రక్తపరీక్ష చేయించడం మేలు.

అన్నిటికన్నా ముఖ్యంగా లక్ష్యం బరువు ఎంతో కాగితం మీద రాయించుకోండి. వారానికి ఇప్పుడున్న బరువులో 1 నుంచి 2 శాతం తగ్గితే చాలు. 38 కిలోల ల్యాబ్‌ను 30కి తేవాలంటే వారానికి 400–700 గ్రాములు, అంటే మూడు నుంచి ఐదు నెలల పని. నెలలో తగ్గించేద్దాం అనుకునేవాళ్లు ఇక్కడే ఆగిపోవడం నయం.

గిన్నె లెక్క

లక్ష్యం బరువు కిలోల్లో తీసుకుని, దాని 0.75 ఘాతం కట్టి (కాలిక్యులేటర్‌లో బరువు × బరువు × బరువు వేసి, వర్గమూలం మీట రెండుసార్లు నొక్కితే వస్తుంది), 70తో గుణిస్తే రోజుకు కనీసంగా కావాల్సిన క్యాలరీలు వస్తాయి. 30 కిలోలకు ఇది సుమారు 900. చాలామంది డాక్టర్లు ఇక్కడ మొదలుపెట్టి, తర్వాత బరువు చూసి సర్దుతారు. ఇప్పుడు మన ఇళ్లలో పెట్టేది చూడండి. వండిన అన్నం 100 గ్రాములంటే 130 క్యాలరీలు, కోడిగుడ్డు 70 పైన, నెయ్యి రాసిన చపాతీ ఒకటి నూరు దాటుతుంది. రాత్రి పెద్ద గిన్నెడు పెరుగన్నం పెట్టే ఇంట్లో కుక్క ఎందుకు తగ్గదో ఇక వేరే చెప్పక్కర్లేదు.

డ్రై ఫుడ్ పెడితే కప్పుతో కాకుండా వంటింటి డిజిటల్ తూకంతో గ్రాముల్లో తూచండి. ఇంటి తిండి పెడితే అన్నం తగ్గించి ఉడికించిన బీన్స్, సొరకాయ, గుమ్మడికాయ కలపండి. చికెన్, గుడ్డు వంటి మాంసకృత్తులు మాత్రం కోయకండి. ఇంటి తిండి తగ్గించినప్పుడు ఖనిజాలు, విటమిన్లు కూడా తగ్గుతాయి కాబట్టి ఏం కలపాలో డాక్టర్‌ను అడగాలి. ఉల్లిపాయ పడిన కూర, ద్రాక్ష, ఎండుద్రాక్ష, చాక్లెట్ కుక్కకు విషం. అవి ఎప్పుడూ వద్దు. చిరుతిళ్లు రోజు మొత్తం క్యాలరీల్లో పదో వంతు దాటకూడదు. క్యారెట్ ముక్క, కీరదోస ముక్క చాలు.

ఇంట్లోవాళ్లు

నా అంచనాలో సగం కుక్కలు తగ్గకపోవడానికి కారణం ఇదే. తాతగారి టీలో బిస్కెట్, పిల్లల టిఫిన్‌లో మిగిలిన ఇడ్లీ, పనమ్మాయి ప్రేమగా పెట్టే చేప ముల్లు. ఎవరికి వారు "నేను కొంచెమే పెట్టాను" అంటారు. నాయనమ్మైతే "ఏటర్రా, నోరులేని జీవాన్ని ఇలా మాడుస్తారేటి?" అని అడ్డం పడుతుంది. ఆవిడతో వాదించి గెలవలేరు. దీనికి ఒకటే ఉపాయం: పొద్దున్నే ఆ రోజు తిండంతా తూచి ఒక డబ్బాలో పోసి పెట్టండి. ఎవరు పెట్టినా అందులోంచే తీయాలి, డబ్బా ఖాళీ అయితే ఆ రోజుకు అంతే. నాయనమ్మ చేత్తోనే పెట్టించండి, ఆవిడకూ తృప్తి.

కుక్క చూసే చూపు నటన అనుకోకండి. కొన్ని ల్యాబ్‌లలో ఆకలి తీరిందని చెప్పే జన్యువులోనే లోపం ఉంటుంది. 2016లో కేంబ్రిడ్జి పరిశోధకులు దీన్ని బయటపెట్టారు, సుమారు నాలుగు ల్యాబ్‌లలో ఒకదానికి ఇది ఉంది. దానికి నిజంగానే ఆకలి. అయినా పెట్టకూడదు. 2002లో అచ్చయిన మరో అధ్యయనంలో 48 ల్యాబ్‌లను పిల్లలుగా ఉన్నప్పటి నుంచి చివరిదాకా గమనించారు. తోడబుట్టినదాని కన్నా పావు వంతు తక్కువ తిన్నవి దాదాపు రెండేళ్లు ఎక్కువ బతికాయి. నాయనమ్మకు ఈ ముక్క చెప్పి చూడండి.

ఏ వేళ నడవాలి

విశాఖలో అన్నిటికన్నా జాగ్రత్త పడాల్సింది ఇక్కడే. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు. నాలుక చాపి వగర్చి, నోటిలోని తడి ఆరడం వల్ల ఒంటి వేడి దించుకుంటుంది. గాల్లోనే తేమ నిండి ఉంటే ఆ తడి ఆరదు. అందుకే ఇక్కడ 32 డిగ్రీలు కూడా, పొడి గాలి ఉండే ఊళ్లలో ఇంకా పెద్ద ఎండకన్నా కుక్కను ఎక్కువ ఇబ్బంది పెట్టొచ్చు. పైగా లావు కుక్కకు చర్మం కింద కొవ్వు వేడిని బయటికి పోనివ్వదు.

మే నెలలో ఇక్కడ ఐదున్నరకల్లా సూర్యుడు వచ్చేస్తాడు. కాబట్టి మార్చి చివరి నుంచి వానలు నిలకడగా పడేదాకా జోరు నడక తెల్లవారుజామునే మొదలై ఆరుకల్లా అయిపోవాలి. సాయంత్రం సముద్రపు గాలి హాయిగానే ఉంటుంది గానీ, రోడ్డు ఏడున్నర దాకా సెగలు కక్కుతూనే ఉంటుంది. అరచేతి వెనక భాగం తారు మీద ఏడు సెకన్లు ఆనించి చూడండి. మీకు చురుక్కుమంటే దాని అరికాళ్లకూ అంతే. వేసవి సాయంత్రాలు జోరు వదిలేసి, వాసన చూసుకుంటూ తిరగనివ్వండి.

అపార్ట్‌మెంట్‌లో ఉంటే సెల్లార్ ఉండనే ఉంది. కార్లు కదలని వేళ చూసుకుని, నేల మీద నూనె మరకలు తప్పించి చుట్లు కొట్టించండి. ముసురు పట్టిన రోజుల్లో, అక్టోబరు, నవంబరు తుఫాను హెచ్చరికలప్పుడూ అదే దిక్కు. వానాకాలంలో నిలవ నీళ్లు తాగనివ్వకండి, లెప్టోస్పైరోసిస్ (ఎలుకల మూత్రం కలిసిన నీళ్ల వల్ల వచ్చే జబ్బు) టీకా వేయించారో లేదో చూసుకోండి, ఇంటికి రాగానే కాలి వేళ్ల సందులు పొడిగా తుడవండి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు డిసెంబరు, జనవరి నెలలను మించిన కాలం లేదు.

సామాన్లు

మెడ పట్టా పట్టి లాగితే ఊపిరి గొట్టం నొక్కుకుంటుంది. ఛాతీ మీదుగా వెళ్లే హార్నెస్ కొనండి. భుజం కదలికకు అడ్డం రాకూడదు, పట్టీ కింద రెండు వేళ్లు దూరాలి. బరువు తగ్గేకొద్దీ అది వదులవుతుంది, నెలకోసారి బిగించండి. గొలుసు బదులు ఆరడుగుల మామూలు తాడు చాలు. చక్రంలా తిరిగి సాగే రకం జోరు నడకకు పనికిరాదు. నీళ్ల సీసా, ఒక మూత గిన్నె, మలం ఎత్తడానికి కవర్లు పట్టుకెళ్లండి. రేబిస్ టీకా కాగితం ఫోన్లో ఫొటో తీసి పెట్టుకోండి.

మొదటి వారం: కొలత మాత్రమే

ఏమీ మార్చకండి. ఇప్పుడు నడిచే దారినే నడిచి, ఫోన్ యాప్‌లో దూరం, సమయం రాసుకోండి. ఎక్కడ ఆగింది, ఎప్పుడు వగర్చడం మొదలైంది, ఇంటికొచ్చాక ఊపిరి మామూలవడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో చూడండి. మర్నాడు పొద్దున లేచేటప్పుడు వెనక్కాళ్లు బిగుసుకున్నాయా, కుంటుతోందా గమనించండి. ముందు ముందు ఈ చీటీతోనే పోల్చుకోవాలి.

రెండు, మూడు వారాలు: ఆగకుండా కదలడం

రోజుకు రెండుసార్లు, ఒక్కోసారి ఇరవై నిమిషాలు. మొదటి ఐదు నిమిషాలు కుక్క ఇష్టం: వాసన చూడనివ్వండి, కాలెత్తనివ్వండి. వాసన చూడటం దానికి పేపర్ చదవడం లాంటిది, పూర్తిగా మాన్పిస్తే నడకే విసుగొస్తుంది. తర్వాత పది నిమిషాలు ఆగకుండా నడవాలి. చివరి ఐదు మళ్లీ దాని ఇష్టం.

ఆ మధ్య పది నిమిషాలకు ఒక మాట అలవాటు చేయండి, "పద" అనండి చాలు. "పద" అన్నాక మీరు ఆగకూడదు. లాగొద్దు, కసరొద్దు, తాడు కురచగా పట్టుకుని నడుస్తూనే ఉండండి. స్తంభాలు, గోడలు ఉన్నవైపు మీరుండి, కుక్కను రెండోవైపు ఉంచుకుంటే సగం ఆగడాలు తగ్గిపోతాయి. ట్రాఫిక్ ఉన్న రోడ్డులో మాత్రం ఇది వద్దు. పొద్దున కొంతసేపు వాహనాలు ఆపేసే బీచ్ రోడ్డు గానీ, ఎంవీపీ కాలనీ లోపలి వీధులు గానీ, ఉక్కునగరం వెడల్పు రోడ్లు గానీ దీనికి బాగుంటాయి. బాగా నడిచినప్పుడు ఇచ్చే బహుమానం డబ్బాలో తిండే.

నాలుగో వారం నుంచి: దుడుకు నడక

మామూలు నడకలో కుక్క ఒక్కో కాలు విడివిడిగా వేస్తుంది. వేగం పెరిగినప్పుడు ఒక ముందరి కాలు, దానికి ఎదురువైపు వెనక్కాలు కలిసి లేస్తాయి. వీపు ఊగకుండా సమంగా సాగుతుంది. మనకు కావాల్సింది ఈ దుడుకు నడకే. మెడలో బిళ్ల ఉంటే చప్పుడు వినండి. మామూలు నడకలో అస్తవ్యస్తంగా మోగేది, దుడుకు నడకలో తాళం వేసినట్టు సమంగా మోగుతుంది. ల్యాబ్ ఆ లయకు రావాలంటే మీరు గంటకు ఆరు కిలోమీటర్ల వేగమైనా అందుకోవాలి. పొమెరేనియన్ అయితే మీ మామూలు నడకకే పరుగెడుతుంది.

లావు కుక్కతో దీన్ని విడతలుగా చేయాలి. ఒక నిమిషం దుడుకు, రెండు నిమిషాలు మామూలు, ఇలా ఐదుసార్లు. వారం గడిచాక ఒకటిన్నర నిమిషం, ఆ తర్వాత రెండు. మొత్తం సమయం వారానికి పదో వంతుకు మించి పెంచొద్దు. ఇంటికొచ్చాక పది నిమిషాల్లో ఊపిరి కుదుటపడితే సరైన మోతాదులో ఉన్నట్టు. పావుగంట దాటినా వగరుస్తుంటే, మర్నాడు మెట్టు ఎక్కడానికి వెనకాడితే, గతవారం మోతాదుకు వెనక్కి వెళ్లండి. రెండు నెలలకల్లా ఇరవై నిమిషాలు దాదాపు ఏకబిగిన దుడుకుగా నడిచే కుక్కలు ఉంటాయి, నాలుగు నెలలు పట్టేవీ ఉంటాయి.

ఎనిమిదో వారం తర్వాత: ఎగుడులు, ఇసక

మన ఊళ్లో ఎగుడులకు కొదవ లేదు. పాండురంగపురం డౌన్ దిగువ నుంచి యూనివర్సిటీ వైపు ఎక్కే రోడ్డు చాలు, అదే వేగానికి గుండెకు, వెనక్కాళ్లకు పని బాగా పెరుగుతుంది. రోజు విడిచి రోజు, మొదట రెండు మూడు నిమిషాల ఎక్కుడు మాత్రమే. దిగేటప్పుడు నెమ్మదిగా రండి. బరువంతా ముందరి కాళ్ల మీద పడేది దిగేటప్పుడే. మెట్ల దారులు లావు కుక్కకు వద్దు.

పొడి ఇసక చూడ్డానికి మెత్తగా ఉంటుంది గానీ కాలు దిగబడి కండరాలు త్వరగా అలిసిపోతాయి. అలలు తడిపిన గట్టి ఇసక మీద మొదలుపెట్టి, తర్వాత పొడి ఇసక మీద ఐదు నిమిషాలు చాలు. రుషికొండ, సాగర్ నగర్ వైపు జనం తక్కువున్న వేళ బాగుంటుంది. తాడు వదలకండి. మన సముద్రం లోపలికి లాగేస్తుంది, మనుషులే కొట్టుకుపోతున్నారు, కుక్కను ఈతకు దింపొద్దు. ఉప్పునీళ్లు తాగితే విరేచనాలు, అందుకే మంచినీళ్లు ముందే పట్టించండి. జాలరిపేట వైపు ఇసకలో గాలాలు, చచ్చిన చేపలు ఉంటాయి. ఆదివారం సాయంత్రం జనం వదిలేసిన మొక్కజొన్న కండెలు సోమవారం పొద్దున దొరుకుతాయి. కండె మింగితే పేగుకు అడ్డం పడి ఆపరేషన్ దాకా వెళ్తుంది. ఇంటికి రాగానే కాళ్లు మంచినీళ్లతో కడగండి.

వీధి కుక్కలు

రోజూ ఒకే వేళకు ఒకే దారిన వెళ్తే వీధి కుక్కలు మిమ్మల్ని గుర్తుపెట్టుకుంటాయి, గొడవ తగ్గుతుంది. గుంపు కనబడితే ఎదురుగా వెళ్లకుండా దూరం నుంచే వంకరగా చుట్టి వెళ్లండి. పరుగెత్తొద్దు, కళ్లల్లో కళ్లు పెట్టి చూడొద్దు. వాటి గోల వల్ల మీ కుక్క బెదిరితే ఆ రోజు జోరు అక్కడితో ఆపేయండి. టెన్షన్‌లో వగర్చేదాన్ని ఇంకా పరుగెత్తిస్తే వేడి పెరుగుతుంది.

ఎప్పుడు ఆపాలి

నాలుక చూడండి. సన్నగా, పక్కకు వేలాడుతుంటే మామూలే. చివర వెడల్పై గరిటెలా పైకి వంగి, జొల్లు చిక్కగా కారుతుంటే వెంటనే నీడలో ఆపండి. చిగుళ్లు ఇటుక ఎరుపుకు తిరగడం, తూలడం, పిలిస్తే పలక్కపోవడం వడదెబ్బ గుర్తులు. కుక్క మామూలు ఒంటి వేడి 38 నుంచి 39.2 డిగ్రీల సెల్సియస్. 40 దాటితే ప్రమాదం. ఒళ్లంతా, ముఖ్యంగా పొట్ట, తొడల లోపలి వైపు మామూలు నీళ్లు పోస్తూ గాలి తగిలేలా చేయండి. తడి తువ్వాలు కప్పి ఉంచితే వేడి లోపలే నిలుస్తుంది. నీళ్లు పోస్తూనే ఆటో ఎక్కించి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. తేరుకున్నట్టు కనిపించినా చూపించాల్సిందే.

పగ్ విషయంలో ఈ జాగ్రత్త రెండింతలు ఉండాలి. ఫోన్ కంపెనీ ప్రకటన పుణ్యమా అని పగ్‌లు మన ఊళ్లల్లో ఇంటింటా వెలిశాయి గానీ, ఆ చప్పిడి ముక్కుకు ఈ ఉక్క సరిపడదు. పగ్, షిజూ, బుల్‌డాగ్‌లకు ఎగుడులు, ఇసక వద్దు. అరనిమిషం చొప్పున విడతలు, అదీ చల్లటి వేళ మాత్రమే. గురగుర చప్పుడు పెరిగితే ఆపాలి. ముసలి కుక్కలకు, కీళ్ల నొప్పి ఉన్నవాటికి ఒక పొడుగు నడక కన్నా రోజుకు నాలుగు పొట్టి నడకలు మేలు.

కాటా కదలకపోతే

రెండు వారాలకోసారి తూచండి. వరసగా రెండుసార్లు అదే అంకె వస్తే ముందు డబ్బా బయట ఎవరు ఏం పెడుతున్నారో కనుక్కోండి, దాదాపు ఎప్పుడూ అక్కడే దొరుకుతుంది. అదేమీ లేకపోతే డాక్టర్‌కు చెప్పి తిండి 10 శాతం తగ్గించండి. ఒళ్లు తేలికయ్యేకొద్దీ అదే దూరానికి ఖర్చయ్యే క్యాలరీలూ తగ్గుతాయి. వారానికి 2 శాతం కన్నా వేగంగా తగ్గుతుంటే మాత్రం తిండి పెంచాలి.

లక్ష్యం బరువు వచ్చాక పాత గిన్నెకు వెళ్లకండి. పదో వంతు చొప్పున పెంచుకుంటూ, బరువు నిలకడగా ఉన్న చోట ఆగండి. ఆ తర్వాత నెలకోసారి కాటా చాలు. మే నెలలో నడక ఎలాగూ తగ్గుతుంది కాబట్టి ఆ నెల గిన్నె కూడా కొంచెం తగ్గించి, వానలు పడి నడక మళ్లీ పుంజుకున్నాక తిరిగి పెంచండి.